నాలుగో గొయ్యి

షాలేమ్ గోతులు ముందే తవ్వి పెట్టేవాడు. ఈ మాట కొత్తగా విన్నవాళ్లు ముఖం చిట్లించేవారు. మనిషి ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఉండగా సమాధుల తోటలో గొయ్యి సిద్ధం చేయడమేమిటి, అపశకునం కాకపోతే! భిలాయి నేల సంగతి తెలిసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. అక్కడిది ఎర్ర ముర్రం, గులకరాయి కలిసిన గట్టి నేల. ఫిబ్రవరిలో గడ్డపార కాస్త దిగుతుంది. హోలీ దాటిందా, ఇక ఇనుమే. మే నెలలో ఒక్క గొయ్యి తవ్వాలంటే ముగ్గురు మనుషులకి రెండు రోజులు పడుతుంది. ఆ ఎండలో శవం రెండు రోజులు ఆగుతుందా? అందుకని ముందే తవ్వి, పైన రేకు కప్పి, వానలు పడేదాకా ఉంచేవాడు. అక్కర పడకపోతే జూన్‌లో పూడ్చేసి ప్రభువుకి స్తోత్రం చెప్పుకునేవాడు.

టెక్కలి దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో రైలెక్కి వచ్చినవాడు షాలేమ్. ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద, ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా, ఇరవై రెండేళ్లు సెగ తిన్నాడు. ఆ ఠేకా రద్దయి రోడ్డున పడితే తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లు పిలిచి సమాధుల తోటకి కాపలా పెట్టారు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలు దాటాక బీడు మొదలయ్యే చోట ఉంది ఆ తోట. తోట అన్నమాటే గానీ నాలుగు వేపచెట్లూ మోకాలెత్తు ఎండుగడ్డీ తప్ప మరేం లేదు. గేటు పక్కన రేకుల గదిలో అతనూ, భార్య డైసీ. పిల్లల్లేరు. ముప్పై ఏళ్లుగా ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగకుండా బతికేస్తున్నారు.

మొదట్లో ఎండాకాలానికి ఒక్క గొయ్యి సరిపోయేది. తర్వాత రెండయ్యాయి. అంతకు మించి వద్దని సంఘ పెద్ద దేవానందం గట్టిగా చెప్పాడు, జనం భయపడతారని. కానీ ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమయ్యాక వచ్చిన మూడో ఎండాకాలం ముందు షాలేమ్ నాలుగు తవ్వాడు. అంతకు ముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. ఫిబ్రవరిలోనే గడ్డపార టంగుమంటూ ఎగిరి పడింది. సంఘం కమిటీకి చూపించడానికి ముందు వైపు రెండు తవ్వి, వెనక గోడ వారన రెండు దొంగతనంగా తవ్వి, రేకులు కప్పి పైన ముళ్లకంప వేశాడు.

"ఏటి, నాలుగెందుకు?" అని డైసీ అడిగింది.

"ఏమోనే. సేతులు ఆగలేదు," అన్నాడు. ఆ జవాబు విని ఆమె రెండు రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

వాటిలో ఒకటి తనకేనన్న భయం డైసీకి ఊరికే పుట్టలేదు. కిందటి మేలో బోరింగు దగ్గర నీళ్లు కొడుతూ కొడుతూ పడిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు, చెయ్యి వేస్తే పెనంలా కాలిపోతోంది, నోట మాట లేదు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు పడి ఉండి లేచింది. "ఈ ఒళ్లు ఇక ఎండకి తట్టుకోలేదు. ఇంకోసారి ఇలా అయితే దక్కదు. పదకొండు నుంచి నాలుగు దాకా చల్లని చోట ఉంచు," అన్నాడు డాక్టరు. చల్లని చోటట! రేకుల గదిలో కాపురం ఉండేవాడికి ఆ ముక్క చెప్పి చేతులు దులుపుకున్నాడు మహానుభావుడు. అప్పు చేసి కూలర్ కొన్నాడు షాలేమ్. కరెంటేమో పదకొండుకి పోతే మళ్లీ నాలుగుకి రావడం.

ఏప్రిల్‌లో దక్షిణం వైపు ఆకాశం మసకబారింది. ఊళ్లో అందరూ ప్లాంటు పొగే అనుకున్నారు. భిలాయిలో పొగని చూసి తల పైకెత్తేవాడెవడు? కోక్ ఓవెన్ల మీద పనిచేసినవాడు గనక షాలేమ్‌కి మాత్రం వాసనలో తేడా తెలిసింది. ఇది బొగ్గు కాదు, తారు కాదు, ఆకు. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్ల కింద రాలిన ఆకులకి నిప్పు పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడు అడవి వరుగులా ఎండిపోయి ఉండటంతో ఆ నిప్పు కొండలెక్కింది. పొద్దున లేచేసరికి సమాధుల మీద సన్నని బూడిద పరుచుకుని ఉండేది. డైసీకి దగ్గు పట్టుకుంది అప్పుడే. పొడి దగ్గు, మొదలైతే ఆగదు.

ఏప్రిల్ నెలాఖరున ఒకనాడు వెనక గోతిలో రాలిన మట్టి ఎత్తుదామని దిగిన షాలేమ్ మళ్లీ పైకి రాలేదు. గంట తర్వాత డైసీ వెతుక్కుంటూ వచ్చి చూస్తే అడుగున కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఆమె కెవ్వుమంది.

"అరవకే. దిగి సూడు. ఏటి సల్లగా ఉన్నాది!"

"నాను దిగను బాబూ. బతికుండగానే పాతేస్తావేటి నన్ను?"

"పైన ఉంటే నిజంగానే పాతాల్సొస్తాది. దిగవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

మూడు రోజులు బతిమాలితే నాలుగో రోజు దిగింది. వెదురు నిచ్చెన, అడుగున చాప, పైన రేకు, రేకు మీద తడి గోనెలు, తల వైపు గాలికి జానెడు సందు. ఆరడుగుల లోతున మట్టి చల్లగా, కొత్త కుండ వాసన వేస్తూ ఉంది. మొదటి రోజు వణికిపోతూ ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. వారం తిరిగేసరికి చింతపండు గింజ తీసుకోవడం, బియ్యంలో రాళ్లు ఏరుకోవడం అక్కడే. "పైకన్నా కిందే బాగున్నాది," అని ఆమె ఒకనాడు నవ్వుతూ అంటే షాలేమ్ కసిరాడు.

రెండో గోతిలోకి సువార్తమ్మ వచ్చింది. గోడ అవతల ఒంటిగదిలో ఉండే విధవరాలు, డైసీకి ప్రాణస్నేహితురాలు. కొడుకు డేవిడ్‌రాజ్ హథ్‌ఖోజ్‌లో లేత్ పని చేస్తాడు. తల్లి మధ్యాహ్నాలు గోతిలో గడుపుతోందని తెలిస్తే వాడు పరువు పోయిందని గోల పెడతాడని, వాడు షిఫ్టుకి వెళ్లాకే వచ్చి, తిరిగి వచ్చేలోపు వెళ్లిపోయేది. ఒక గోతిలోంచి ఈవిడ, ఇంకో గోతిలోంచి ఆవిడ కబుర్లు చెప్పుకునేవారు. ఒక్కోసారి సన్నగా కీర్తన ఎత్తుకునేవారు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పురుగు కూడా లేని వేళ, భూమిలోంచి ఇద్దరాడవాళ్ల పాట! ఒకసారి సైకిలు మీద పోతున్న పాలవాడు అది విని క్యాన్లు పారేసి పరుగెత్తాడు. ఆ కథ పక్క ఊరు దుర్గ్ దాకా పాకింది. ఇక మధ్యాహ్నం పూట ఆ దారిన ఎవడూ రాలేదు. షాలేమ్‌కి అది మంచిదే అయింది.

మే రెండో వారంలో ముందు వైపు గోతులు రెండూ నిండిపోయాయి. ఇద్దరూ ముసలివాళ్లే, ఇద్దరూ ఎండకే పోయారు. ఎండ నలభై ఆరు దాటింది. వేపచెట్ల నుంచి గబ్బిలాలు పండిన కాయల్లా రాలి పడుతుంటే షాలేమ్ పారతో ఎత్తి గోడ అవతల పోసేవాడు. మంగళవారం మరో శవపెట్టె వచ్చింది. వెనక గోతి దగ్గరికి వెళ్లి రేకు తీశాడు.

"లెగమ్మా సువార్తమ్మా. ఇది కావాలి."

ఆమె చాప చుట్టి చంకన పెట్టుకుని, చీర దులుపుకుని పైకొచ్చింది. కమిటీ అడిగితే రాత్రికి రాత్రే తవ్వానని చెప్పాడు షాలేమ్. ఆ దేవానందం నమ్మేశాడు కూడా. ఇక మిగిలింది ఒక్కటే, డైసీ కూర్చునేది. అది ఉందని భూమ్మీద ముగ్గురికే తెలుసు.

బుధవారం డైసీ, సువార్తమ్మ ఇద్దరూ దాంట్లోనే దిగారు. మోకాళ్లు ముడుచుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరి ఊపిరికీ గొయ్యి ఉడికిపోయింది. డైసీకి దగ్గు తెర మీద తెర. సాయంత్రం పైకొచ్చాక డైసీ సువార్తమ్మ మొహం చూడకుండా అంది. "ఉక్కబోసేస్తంది వదినా. రేపటి కాడ్నుంచి నువ్వు ఇంట్లోనే తడిగుడ్డ కప్పుకుని పడుకో."

"అలాగేలే వదినా," అంది సువార్తమ్మ. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఒక్క మాట అన్నా బాగుండేదని షాలేమ్ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

శుక్రవారం పన్నెండున్నర. డైసీ కింద ఉంది. రేకుకి రెండడుగుల దూరంలో, గోడ వారనున్న కాస్త నీడలో షాలేమ్ కూర్చున్నాడు. గాలి కదలడం లేదు. కొమ్మ మీద కాకి నోరు తెరిచింది గానీ అరవడం లేదు. గేటు కిర్రుమంది. సమాధుల మధ్య నుంచి డేవిడ్‌రాజ్ వస్తున్నాడు, వెనక గొడుగు వేసుకుని దేవానందం. డేవిడ్‌రాజ్ కాళ్లకి చెప్పుల్లేవు. కాలుతున్న ఆ నేల మీద తాపీగా అడుగులు వేస్తున్నాడు.

"మావయ్యా, అమ్మ పోయింది. లూ లగ్ గయీ, వడదెబ్బ. నిన్న షిఫ్టు నుంచి వచ్చి తలుపు తోశాను... తడిచీర ఒంటి మీదే ఎండిపోయి ఉంది మావయ్యా."

 షాలేమ్ కళ్లు వాటంతటవే గోనెల మీదికి పోతుంటే బలవంతాన తిప్పుకున్నాడు.

"రాత్రంతా ఐసు పెట్టాం. ఆగేలా లేదు," అన్నాడు దేవానందం గొంతు తగ్గించి. "మూడోది తవ్వినట్టు ఇంకోటేమైనా తవ్వి ఉంచావా షాలేమ్?"

డేవిడ్‌రాజ్ నిలబడలేక గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించాడు. సరిగ్గా ముళ్లకంప అంచున బయటపడ్డ గోనె మీద. "ఇదేంటి, తడిగా ఉంది?"

"నీళ్లకుండ దాసుకుంటాను బాబూ. సల్లగా ఉంటాదని."

ఆ చెయ్యి కింద రేకు, రేకు కింద డైసీ. షాలేమ్ చెవులు రిక్కించాడు. పొద్దుటి నుంచీ పది నిమిషాలకోసారి దగ్గుతూనే ఉంది. ఇప్పుడు వస్తుంది, ఈ క్షణాన వస్తుంది. వస్తే ఇక దాచేదేముంది, అన్నీ చెప్పేసి ఆ తల్లికి చోటిచ్చేయవచ్చు. అలా అనుకుంటూనే రాకూడదని ప్రభువుని వేడుకున్నాడు. కింద చడీచప్పుడూ లేదు. అసలు మనిషి ఉన్నట్టే లేదు.

"లేదు బాబూ. గొయ్యి లేదు," అన్నాడు.

డేవిడ్‌రాజ్ కాసేపు ఆ చేతిని అలాగే చల్లటి గోనె మీద ఉంచుకుని, లేచాడు. "సరే మావయ్యా. దుర్గ్‌లో అడుగుతాం." గొడుగు నీడలో నడవమని దేవానందం పిలుస్తున్నా వినకుండా ఎండలోనే వెళ్లిపోయాడు. గేటు మూసుకున్న చప్పుడు వినబడేదాకా షాలేమ్ కదల్లేదు.

అప్పుడు రేకు లాగాడు. డైసీ కొంగంతా నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. మొహం కందిపోయింది. కళ్లు పైకి, తిన్నగా అతనికేసి చూస్తున్నాయి. ఒక్క క్షణం పోయిందనే అనుకున్నాడు. కొంగు పీకేసుకుని ఆమె దగ్గడం మొదలుపెట్టింది. దగ్గీ దగ్గీ గోడకి చేరగిలబడింది.

"విన్నావేటి?"

"విన్నాను."

"నువ్వు దగ్గితే సెప్పేద్దామనుకున్నానే."

"నువ్వు పిలిస్తే వచ్చేద్దామనుకున్నాను." ఆమె బావురుమంది. "అబద్ధం. నువ్వు పిలిసినా రాకపోదును. నాకు సావాలని లేదు. దానికి మాత్రం ఉందేటి? నానే పొమ్మన్నాను దాన్ని. నానే!"

షాలేమ్ నిచ్చెన దిగి పక్కన కూర్చున్నాడు. ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది, చెమట తడి కూడా తగిలింది. బతికే ఉంది. ఆ సంతోషం కడుపులోంచి పొంగుకొస్తుంటే, తనంటే తనకే రోత పుట్టింది. ఇద్దరూ గొంతు పైకి రాకుండా ఏడ్చారు.

సువార్తమ్మని సాయంత్రం దుర్గ్‌లో వేరే సంఘం వాళ్ల తోటలో పెట్టారు. దంపతులిద్దరూ వెళ్లారు. పెట్టె మూసే ఉంచారు. డైసీ డేవిడ్‌రాజ్‌ని పట్టుకుని అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ ఏడుపులో దొంగతనం లేదు.

శనివారం పదకొండుకి కరెంటు పోయింది. డైసీ గదిలోనే కూర్చుంది. నేడు దిగదేమో అనుకున్నాడు షాలేమ్. దిగమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. రేకుల వేడికి గోడ మీది బల్లి పట్టు తప్పి కింద పడింది. పన్నెండు కావస్తుండగా ఆమె లేచి, చాప చంకన పెట్టుకుని, అతనికేసి చూడకుండా వెనక గోడ వైపు నడిచింది. షాలేమ్ వెనకాలే వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు. అడుగున చాప పరుచుకుని కూర్చుని ఆమె తల పైకెత్తింది.

"సందు కనబడకుండా మూసెయ్. ఎవలైనా వచ్చి అడిగితే లేదని సెప్పు."

షాలేమ్ రేకు లాగి, పైన గోనెలు పరిచి, నీళ్లు తెచ్చి తడిపాడు.