జోగారావు సారు గీసిన బడిగంట

జోగారావు సారుకు దేన్ని చూసినా ఓజివ్ అనే గ్రాఫు గీయాలనిపించేది. లెక్కల సార్లకు ఏదో ఒక పిచ్చి ఉంటుంది. మా మేడ్చల్ బడిలో ఈయనది గ్రాఫు కాగితం పిచ్చి. 2003లో ఆయన కొన్న కాగితాల దెబ్బకు కండ్లకోయ ఇంజనీరింగ్ విద్యార్థులు తెల్లకాగితం మీద గళ్లు గీసుకుని పరీక్షలు రాశారు. నమ్మకపోతే నన్నే అడగండి.

ఓజివ్ పద్ధతి చిన్నదే. అంకెల్ని గుంపులు చేసి, పైనుంచి కూడుతూ వస్తే ఎక్కే గీత, కిందినుంచి కూడుతూ పోతే దిగే గీత. రెండూ కలిసిన చోటు నుంచి నిలువుగా దిగితే తగిలేది మధ్యగతం. అటు సగం, ఇటు సగం. భార్య పార్వతీదేవిగారికి కోపం వచ్చే వేళలకూ గీశారు. మధ్యగతం ఆరున్నరని తేలాక ఏడు దాటితే గానీ ఇల్లు చేరేవారు కాదు.

నేను తీరిగ్గా పదకొండింటికి బడికి వెళ్లేవాణ్ణి. "నువ్వు సగటును చెడగొట్టగలవు గానీ మధ్యగతాన్ని ఏమీ చెయ్యలేవురా" అనేవారు. తర్వాత బడే మానేశాను. అప్పుడూ అది కదల్లేదట.

నేనింకా బడి మానకముందే, ఆ 2003లోనే, హెడ్మాస్టరు వీరభద్రంగారు హుకుం జారీ చేశారు: తొమ్మిదింపావు గంట మోగాక ముప్పైసార్లు వచ్చిన పదో తరగతి వాళ్లకు హాల్‌టికెట్ లేదు. శామీర్‌పేట నుంచి ఒకే ఒక్క బస్సులో వచ్చే మా తరగతి వర్షకు అప్పటికే పది ఆలస్యాలు పడ్డాయి. "హాల్‌టికెట్ ఇయ్యకుంటే ఇగ బడెందుకు బిడ్డా, ఇంట్లనే ఉండు" అన్నాడు వాళ్ల నాయిన గౌరయ్య.

మర్నాటి నుంచి జోగారావు సారు గడియారం, పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. రెండు వారాలు మా తరగతిలో ప్రతి ఒక్కరూ వచ్చిన వేళ రాసుకున్నారు. హెడ్మాస్టరుకు చాడీలు మోయడానికేనని ఆయన్ను మేం తిట్టని తిట్టు లేదు. వర్ష ఊరుకోలేదు.

"బస్సు లేటైతే మేమేం జేస్తం సార్? గిట్ల రాసి మమ్మల్ని ఎల్లగొడ్తరా?"

"ఎన్నింటికి దిగావు?"

"తొమ్మిది నలభై రెండుకు."

రాసుకున్నారు. అంతే.

చివరికి కాగితం తెచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పరిచారు. నేను అక్కడే గోడకుర్చీ వేసి ఉన్నాను గనుక ఈ చరిత్రకు ఏకైక సాక్షిని నేనే.

"గీతలు తొమ్మిది ముప్పై ఒకటి దగ్గర కలిశాయండి. సగం తరగతి ఆ తర్వాతే వస్తోంది. ఇది పిల్లల ఆలస్యం కాదండి, మన గంట తొందర."

సగం తరగతికి పరీక్ష ఆపితే పైవాళ్లకు ఏం చెప్పాలో వీరభద్రంగారికి తోచలేదు. పాత ఆలస్యాలన్నీ కొట్టేస్తానని ఒప్పుకుని, గంట ఎప్పుడు కొట్టమంటారని అడిగారు.

"తొమ్మిది నలభై ఐదుకండి."

"మీ గీత ముప్పై ఒకటి అంటోంది కదా?"

వెంట్రుకంత తేడా వస్తే తన గ్రాఫునే చింపేసే మనిషి, కాగితం మడుస్తూ నెమ్మదిగా అన్నారు: "పెన్సిల్ కాస్త మందంగా ఉందండి."

మర్నాటి నుంచి వర్ష గంటకు మూడు నిమిషాల ముందే బస్సు దిగింది. పద్నాలుగు నిమిషాల మందమున్న పెన్సిల్ కోసం నేను మేడ్చల్ బజారంతా వెతికాను. ఏ దుకాణంలోనూ లేదన్నారు.