వారం ఆగలేని గొంతు

నా జన్మలో నా నోట మాట సరిగ్గా రాని రోజు ఒక్కటే. ఆ ఒక్క రోజే నా ఉద్యోగం ఊడబోయింది. ఎలాగో చెబుతాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి.

అరవైల్లో మాట. రొంపిచెర్ల దగ్గర ఒక ఊరి బళ్ళో నేను కొత్త టీచర్ని, అదీ టెంపరరీ. ఒకే గదిలో మూడు తరగతులు. అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని సరేనంటేనే పర్మినెంటు. నాన్న పోయాక ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

మద్రాసులో చదివొచ్చిన డాక్టరమ్మ ఒకావిడ నరసరావుపేటలో ఉండేది. గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూసింది.

"మందులేం వద్దు, గొంతుకు కసరత్తు నేర్పుతా. నోరు మూసుకుని మెల్లగా మ్‌మ్‌మ్ అనాలి. ఇంట్లో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. వారానికోసారి వచ్చి నాకు చూపించు. నెలన్నర పడుతుంది."

"ఇన్‌స్పెక్టరు వచ్చే వారమే వస్తాడండీ. రోజూ రానా?"

"వద్దు. చెప్పినదానికంటే ఎక్కువ చెయ్యొద్దు, మధ్యలో గొంతుకు విశ్రాంతి కావాలి. అదీ వైద్యమే."

విశ్రాంతి వైద్యమట, నా మొహం! ఏడాది పాఠాలు వారంలో బట్టీపట్టి పాసైనదాన్ని, నెలన్నర మూలుగు వారంలో మూలగలేనా? కోడి కూయకముందే మొదలుపెట్టేదాన్ని. బడి నుంచి రాగానే మళ్ళీ అందుకునేదాన్ని. మూడో రోజుకి పక్కింటి సుబ్బమ్మత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏంది వదినా, మీ గేదె ఈనుతుందా? ఒకటే మూలుగు!"

"గేదె కాదొదినా, మా టీచరమ్మ" అంది అమ్మ. తర్వాత నా మీదికొచ్చింది. "ఏమే, ఇంక ఆపవే! నిన్నటికంటే చానా అధ్వాన్నంగా ఉంది నీ గొంతు."

వింటేగా! ఇన్‌స్పెక్షన్ ముందురోజు బడికి సెలవు పెట్టి మరీ మూలిగాను.

తెల్లారి లేచి "అమ్మా" అంటే గాలే వచ్చింది. వేన్నీళ్ళు, మిరియాల కషాయం, ప్రభువుకు ప్రార్థన, అన్నీ అయ్యాయి. తుప్పు పట్టిన తలుపులా కిర్రుమనడం తప్ప ఇంకేమీ రాలేదు. ఏడుద్దామన్నా చప్పుడు లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మండే ఎండలో మెడకు మఫ్లరు. వెనకాల చేతులు కట్టుకుని హెడ్మాస్టరు గారు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని నా వైపు చూశాడు.

"పాఠం మొదలుపెట్టమ్మా" అన్నాడు. గుసగుస, బొంగురు, కిర్రు.

"అలాగేనండీ" అన్నాను. అదే గుసగుస, అదే బొంగురు, అదే కిర్రు.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

"నన్ను వెక్కిరిస్తున్నావా?"

"లేదండీ!"

"మళ్ళీనా!" అని లేచి, కలానికి మూత పెట్టేశాడు. మూతతోపాటు నా బతుకు మూసేసినట్టే అనిపించింది. అమ్మకు ఏం చెప్పాలి?

హెడ్మాస్టరు గారు అడ్డం పడ్డారు. "అయ్యా, నిజంగానే గొంతు పోయిందండీ. పేట డాక్టరమ్మ దగ్గర ఏదో కసరత్తు నేర్చుకుంటందండీ."

ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. "గొంతులో అద్దం పెట్టే ఆవిడేనా?"

తలూపాను.

"నిన్ను ఎన్నాళ్ళకోసారి రమ్మంది?"

"వారానికోసారండీ."

"మరి నువ్వేం చేశావు?"

అబద్ధమాడడానికి కూడా గొంతు లేదు. "నెలన్నరది వారంలో చేసేశానండీ."

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. హెడ్మాస్టరు గారిని మంచినీళ్ళకు పంపాడు. తలుపు వైపు ఒకసారి చూసుకుని నా దగ్గరికి వంగాడు.

"నేను నాలుగు రోజుల్లో చేశాను."

ఆ పూట పాఠం పిల్లలే చదివారు. మేమిద్దరం తలలూపాం. చదువు అయ్యాక ఆయన కలం మూత తీసి సంతకం పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వేలు చూపించాడు.

"ఈ సంగతి ఆ డాక్టరమ్మ చెవిన పడిందో, నీ పర్మినెంటు మళ్ళీ టెంపరరీ!"

ఆ రోజే నల్లబల్ల మీద చెయ్యి వేసి, నిటారుగా నిలబడి, మనసులోనే ప్రమాణం చేశాను. బతికినంతకాలం ఏ డాక్టరు వారమన్నా వారమంతా ఆగుతాను. ఇన్‌స్పెక్టరు వచ్చినా సరే, కలెక్టరు వచ్చినా సరే.