రాయచోటి వడగండ్లు

మా కమలాపురంలో ఒక టైలరు సాయెబు ఉండేవాడు. ఎండాకాలమంతా మిద్దెక్కి, దారం పోగు వేలాడదీసి గాలివాటం చూస్తూ ఉరుముల వాన కోసం కాచుకునేవాడు. "రాయచోటిలో పడితే మాపటికి మనకూ పడతాది సూడప్పా" అనేవాడు.

ఒకరోజు రాయచోటి నుంచి తమాషాకు ఫోన్ చేసి, "ఈడ వడగండ్లు పడతాండాయి" అన్నాను. ఆయన కళ్లాలకు పరుగెత్తి, రైతుల చేత ఆరబోసిన పసుపంతా పట్టలతో కప్పించాడట. చినుకు రాలలేదు. అందరూ నవ్వితే "నా లెక్క తప్పింది" అన్నాడే గానీ నా పేరెత్తలేదు.

నేను ఊరికి రాగానే వానల లెక్కలు రాసుకునే నోటుపుస్తకం తెరిచి, ఆశగా అడిగాడు.

"వడగండ్లు ఎంత లావుండెనప్పా?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "రేగ్గాయంత" అన్నాను.

తేదీ వేసి రాసుకున్నాడు. ఆ పుస్తకంలో అబద్ధం అదొక్కటే ఉంటుంది.