హార్డ్ డిస్కు మీద పేరు కొట్టించిన రోజు

మా చిన్నప్పుడు... ఇంట్లోకి కొత్త గిన్నె వస్తే, అది పొయ్యి మీదికి ఎక్కేలోపే దాని మీదికి పేరు ఎక్కేది. మా అమ్మ ఇత్తడి బిందె, చెంబు, చివరికి గరిటెను కూడా వదల్లేదు. పెళ్ళికి అడిగి తీసుకెళ్ళిన గంగాళం తిరిగొస్తే ముందు పేరు వెతికేది... ఆ తర్వాతే "పెళ్ళి బాగా జరిగిందా?" అని అడిగేది.

ఆ తల్లి బిడ్డనే కదా నేను. పైగా ముప్పై ఏళ్ళు ఇల్లందులో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాను. నమ్మడం నా ఉద్యోగంలో లేదు.

2000 దాటిన ఏడెనిమిదేళ్ళకు... నేను రిటైరయ్యాక... మనవరాలు హారిక పదో తరగతి పరీక్షలు రాసి మా ఇంటికి వచ్చింది. కంప్యూటర్ కొనిస్తానని మాటిచ్చి ఉన్నాను. తీరా చూస్తే దానికి కావలసింది ఆటలాడే కంప్యూటర్ అట. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, గ్రాఫిక్స్ కార్డు... అన్నీ విడివిడిగా ఏరుకుని బిగించుకోవాలట.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. విడివిడిగా అమ్మేవాడు విడివిడిగా మోసం చేయగలడు.

హారిక నెలరోజులు లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ప్రాసెసర్ ఒక మెట్టు దించి, క్యాబినెట్ అన్నింట్లోకీ చవకది పెట్టి, మిగిలిందంతా గ్రాఫిక్స్ కార్డులో పోసింది.

"డబ్బా కొంచెం మంచిది తీసుకోరాదే?" అన్నాను.

"డబ్బాతోటి ఆట నడవది అమ్మమ్మా. కార్డు లేకుంటే కార్ల రేసు తెరుచుకోనే తెరుచుకోదు. కార్డు కోసమే గద గిదంతా."

సరేనన్నాను. ఒకటే షరతు... అనుకున్న బడ్జెట్ ఒక్క రూపాయి దాటినా కంప్యూటరే లేదు.

ఖమ్మం బస్సెక్కాం. కంప్యూటర్ సామాన్ల కొట్టు శీను అనే అతనిది. నేను టీచరునని చెప్పగానే కుర్చీ తుడిచి మరీ వేశాడు. అంత మర్యాద చూస్తే నాకు భయం. హారిక నోట్‌బుక్కులో టిక్కులు పెడుతూ సామానంతా తీసుకుంది, నేను డబ్బు కట్టాను.

"బిగించుడుకు మూడు గంటలైతది టీచరమ్మా. తిని రాండ్రి," అన్నాడు శీను.

తిని రమ్మంటున్నాడు... ఎందుకు? మేము ఇడ్లీ తినే లోపల కొత్తవి పక్కకు పోయి పాతవి లోపలికి చేరవని ఏమిటి నమ్మకం?

"ఇవి మా చుట్టాలాయనకు ఒకసారి చూపించి తెస్తా," అని అబద్ధమాడి, హార్డ్ డిస్కు, గ్రాఫిక్స్ కార్డు సంచిలో వేసుకుని బయటపడ్డాను. మిగతా వాటికి హారికను కాపలా పెట్టాను.

రెండు సందుల అవతల, స్టీలు సామాన్ల కొట్టు మెట్ల మీద పేర్లు కొట్టే ముసలాయన ఉలి, సుత్తి ముందేసుకుని కూర్చున్నాడు. హార్డ్ డిస్కు చేతిలో పెట్టాను. వెండిలా మెరుస్తోంది.

"గిదేందమ్మా... టిఫిన్ డబ్బానా?"

"కంప్యూటర్ సామాను. పేరు కొట్టు."

"మూతేది దీనికి?"

"మూత నీకెందుకు? కొట్టు."

గ్రాఫిక్స్ కార్డు ఇస్తే "ఈ పచ్చరేకు మీద ఉలి నిలవదమ్మా," అని తిప్పి ఇచ్చేశాడు. హార్డ్ డిస్కు మీద మాత్రం... టక్ టక్ టక్... ముత్యాల్లాంటి అక్షరాలు. "ఎం. సుగుణమ్మ, టీచర్, ఇల్లందు."

కొట్టుకు తిరిగొచ్చి, పేరున్న వైపు కిందికి పెట్టి ఇచ్చాను. దొంగకు గుర్తు చూపించాక ఇక గుర్తెందుకు? తినడానికి పోలేదు. ఎదురుగానే కూర్చున్నాను.

బిగించి స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది. లోపలి నుంచి "టిక్... టిక్..." అని చప్పుడు. హార్డ్ డిస్కు లేదంటోంది తెర.

"చూసినవా హారికా? పాతది అంటగట్టిండు!" క్లాసురూములో వాడే గొంతుతో అన్నాను. కొట్టులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

శీను స్క్రూలు విప్పి, డిస్కు బయటికి తీసి, తిరగేసి, మెల్లగా చదివాడు.

"ఎం. సుగుణమ్మ... టీచర్... ఇల్లందు." నా వైపు చూశాడు. "సుత్తితోటి కొట్టిచ్చిండ్రా అమ్మా?"

"అవ్."

"లోపల అద్దమసొంటి పళ్ళేలుంటయి. సుత్తి దెబ్బకు ఆగయి. కంపెనోళ్ళు గూడ వాపస్ తీస్కోరు."

హారిక ఏడుస్తుందనుకున్నాను. నోట్‌బుక్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు అన్న చోట అడ్డంగా గీత కొట్టింది. "అన్నా, కార్డు వాపస్ తీస్కొని ఇంకో హార్డ్ డిస్క్ ఇయ్యి."

"ఆగవే, నేను..." అన్నాను.

"బడ్జెట్ దాటొద్దన్నవ్ గద అమ్మమ్మా."

ఎగతాళిగా అన్నా బాగుండేది.

ఆ నెలంతా కొత్త కంప్యూటర్‌లో పేకముక్కల ఆట ఆడింది. కార్ల రేసు సీడీ కవరు కూడా విప్పలేదు. నేను గదిలోకి వెళ్తే చాలు, "మంచిగనే ఉంది అమ్మమ్మా," అనేది... నేను అడగకపోయినా.

పెన్షన్ పడ్డ రోజు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఖమ్మం వెళ్ళాను. నన్ను చూడగానే శీను స్టూలెక్కి, పై అరలోంచి అదే కార్డు డబ్బా దించాడు.

"ఎవ్వరికీ అమ్మలేదా?"

"ఇద్దరడిగిండ్రు. మీరొస్తరని పక్కకు పెట్టిన. పాప రాసుకున్న కాయితాలు చూసిన గదమ్మా."

అప్పుడైనా తప్పు నాదని చెప్పాలి. చెప్పలేదు. డబ్బా నాలుగు వైపులా తిప్పి, మూత తీసి చూసి, "పనిచేస్తదా?" అన్నాను.

"చెయ్యకుంటే తిట్టుడుకు మళ్ళ రాండ్రి," అని నవ్వాడు.

పనిచేసింది. సాయంత్రం హారిక కారును మూడుసార్లు గోడకు గుద్ది, కేకలు పెట్టి నవ్వింది.

ఇప్పుడు హారిక సామానంతా ఫోన్‌లోనే తెప్పిస్తుంది. ఎవరో గేటు దగ్గర పెట్టి ఫోటో తీసుకుని పోతారు. పాడైతే వాపస్. గొడవ లేదు... మొహం కూడా లేదు. నలుగురిలో పరువు తీసినా నీ వస్తువు నీకోసం దాచి ఉంచే మనిషి ఆ ఫోన్‌లో ఎక్కడుంటాడో నేనింకా కనిపెట్టలేదు.

మొన్న ఖమ్మం వెళ్తే శీను కొట్టు ఉన్న చోట బట్టల షాపు ఉంది. ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు.

మీరూ ఎవరినైనా ఊరికే అనుమానించి, ఆ ఒక్క మాట చెప్పకుండా ఉండిపోయారా? ఇక్కడ రాయండి, చదువుతాను. ఆ మనిషి కొట్టు ఇంకా తెరిచే ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... లేచి వెళ్ళి చెప్పండి.