జానీ నీళ్లలో నాలుగు మూతలు

పదకొండేళ్లుగా నేనొక కుక్కను మోస్తున్నాను. చచ్చిపోయిన కుక్క. బతికున్నప్పుడు దాని బరువు పదిహేను కిలోలు దాటదు. అందులో కిలో దుమ్ము, అరకిలో రక్తం తాగే గోమార్లు. పోయాక మాత్రం ఏడాదికో మిరపకాయల బస్తా చొప్పున బరువెక్కుతూ వచ్చింది. ఈ మధ్య వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. డాక్టరు గ్యాస్ అన్నాడు. ఆయన తప్పేముంది? ఛాతీ మీద కుక్క ఉందని నేను చెప్పలేదు గదా.

మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. ముందే ఒక మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదు. నాలుగు చినుకులు పడితే తుఫాను అంటాను. మా వీధిలోకి జెర్రిగొడ్డు వస్తే అది నా నోటిగుండా బజారుకు చేరేసరికి కొండచిలువ అయి, ఒక మేకను కూడా మింగేసి ఉండేది. జనం నవ్వేవాళ్లు. ఆ నవ్వు లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. కాబట్టి ఇందులో ఎక్కడైనా ఉబ్బించానని తోస్తే సగానికి సగం కొట్టేసుకోండి. ఒక్క అంకె జోలికి మాత్రం పోవద్దు. నాలుగు. అది నిజం.

మాది దర్శి పక్కన పత్తీ మిరపా పండే ఊరు. బస్సులు ఆగే చోట మా బావ పురుగుమందుల కొట్టు. నేనందులో గుమాస్తాను. పత్తికి పచ్చపురుగు పట్టి రైతులకు నిద్రలేని రోజులవి. ఎవరైనా ఆకు తెంపి తెస్తే దాన్ని ఎండకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, కాసేపు ఊపిరి బిగబట్టి, అప్పుడు మందు పేరు చెప్పేవాణ్ని. పదో తరగతి రెండుసార్లు తప్పిన చదువు నాది. అయినా 'డాక్టరు' అన్నారు. మొదట్లో ఎగతాళికి. తర్వాత అలవాటుకొద్దీ. ఆ తర్వాత నేనే నమ్మాను.

ఆకులతో ఆగితే బాగుండేది. గేదెలకూ కోళ్లకూ కుక్కలకూ వైద్యం మొదలుపెట్టాను. ముక్కు తడిగా ఉంటే కుక్కకు ఏ రోగమూ లేనట్టే అన్నాను. గజ్జి పడితే ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిలు పుయ్యమన్నాను. పుండు పడితే మందెందుకు, నాలుక ఉంది గదా అన్నాను. కాపలా కుక్కకు రోషం రావాలంటే అన్నంలో పచ్చిమిరపకాయలు నూరి కలపమన్నాను. మిరప ఊళ్లో ఆ సలహాకున్న గిరాకీ ఇంకే సలహాకూ లేదు. ఆ కుక్కలు కడుపు మంటతో గోడలకేసి మొరుగుతుంటే, అబ్బ, ఎంత రోషమో అని మురిసిపోయాం. ఇవేవీ నేను పుట్టించినవి కావు. ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నవే. వాటికి తలా రెండు మూరలు అతికించి, డాక్టరు గొంతుతో తిరిగి ఊరికే ఇచ్చాను. అయితే తప్పు ఊరిదా, నాదా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ నాకు వీలైన జవాబే వచ్చింది. అందుకే ఆ జవాబును నమ్మడం మానేశాను.

జానీ మా రత్తమ్మ పిన్నిది. పిన్ని మా అమ్మకు వరసకు చెల్లెలు. బాబాయి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఊరి చివర మిరపకాయలు ఆరబోసే కల్లం పక్కనే వాళ్ల ఇల్లు. కాయలు ఆరినన్ని రోజులూ కాపలా ఈ ఇద్దరే. పిన్నీ, జానీ. ఎర్రటి ఆ కాయల చుట్టూ అది పోలీసు ఇన్‌స్పెక్టరులా తిరిగేది. కాయల ఘాటుకు తుమ్మేది. తుమ్మి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకునేది. ఇది ఉబ్బించింది కాదు. నేను చూశాను.

ఇక మస్తాన్ గారు. పక్క ఊరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మోపెడ్ వెనక ఐసు డబ్బా కట్టుకుని ఊళ్లు తిరిగేవారు. నెమ్మది మనిషి. ఏదైనా అడిగితే ఆలోచించి, "నాకు తెలియదండి, డాక్టరు గారిని కనుక్కుని చెబుతాను" అనేవారు. తెలియదు అని అంత తేలిగ్గా ఎలా అనగలడు? నేనైతే నాలుక కోసుకునేవాణ్ని. అయినా ఆయనొస్తే అరుగుల మీద జనం లేచి నిలబడేవాళ్లు. నేనొస్తే జరిగి చోటిచ్చేవాళ్లు. ఆ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు. బాగా కుట్టేది కూడా.

ఆ ఎండాకాలం మొదట్లో, ఒక సోమవారం, ఆయన కుక్కలకు పిచ్చి రాకుండా టీకాలు వేయడానికి వచ్చారు. జనం కూర్చున్న అరుగు ముందు పిన్ని జానీని మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంది. సూది అయ్యాక దాని చెవి మడిచి చూపించింది. లోపల గోమార్లు చింతగింజల్లా గుత్తులు కట్టి ఉన్నాయి. మందు నిండుకుందనీ, బుధవారం తెస్తాననీ, అందాకా చేత్తో ఏరమనీ చెప్పి మోపెడ్ ఎక్కారాయన. మలుపు తిరిగారో లేదో నేను నోరు తెరిచాను.

"బుధవారమా? పిన్నీ, బుధవారానికి నీ కుక్క ఉండదు, గోమార్లే ఉంటాయి. అవి నడుచుకుంటూ దర్శి సంతకెళ్లి ఇంకో కుక్కను కొనుక్కుంటాయి."

అరుగంతా నవ్వింది. ఇక నేను ఆగుతానా? కొట్టుకెళ్లి పత్తికి కొట్టే మందు, సీసా అడుగున మిగిలింది, తెచ్చిచ్చాను. బకెట్టు నీళ్లలో కలిపి కుక్కకు స్నానం చేయించమన్నాను. మా వైపు పశువులకు అలా పోసేవాళ్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది ఒక మూత. అందరూ చెప్పేదే చెబితే ఇక నేనెందుకు?

"నాలుగు మూతలు పొయ్యి" అన్నాను.

ఒక మూత అయినా విషమేనని తర్వాత తెలిసింది. ఒంటిమీద పోస్తే చర్మంలోకి దిగుతుంది. ఆపైన కుక్క ఒళ్లు నాక్కుంటుంది. అప్పుడు తెలియదా? ఇక్కడే నన్ను నేను పట్టుకుని నిలదీస్తాను. సీసా మీద ఎర్ర గుర్తు ఉంది, పుర్రె బొమ్మ ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కుని గానీ అన్నం ముట్టకండి అని రోజూ పదిమంది రైతులకు చదివి వినిపించేవాణ్ని. మనిషికి అన్ని జాగ్రత్తలు చెప్పిన నోటికి, నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకునే జంతువు గుర్తురాలేదు. నవ్వుతున్న అరుగు ముందు గుర్తు రావాలని నేను కోరుకోలేదేమో.

మంగళవారం పొద్దున పిన్ని స్నానం చేయించింది. పది దాటాక కబురొచ్చింది. వెళ్లేసరికి జానీ వసారాలో పక్కకు పడి ఉంది. నోటి నుంచి చొంగ తాడులా కారుతోంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. నాకు తెలిసిపోయింది. ముందు సంవత్సరం మందు కొడుతూ చేలో పడిపోయిన కూలీని గుంటూరు తీసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. అతని నోరూ ఇలాగే కారింది. అతని కళ్లూ ఇవే.

చెప్పలేదు. "మజ్జిగ తాగిద్దాం పిన్నీ" అన్నాను. ఆమె లోపలికి పరుగెత్తింది.

అదే సమయానికి, దారిన పోతున్న మస్తాన్ గారిని ఎవరో ఆపి పంపారు. ఆయన చెప్పులైనా విప్పకుండా వచ్చి కుక్క పక్కన కూలబడ్డారు. కనురెప్ప ఎత్తి చూశారు. వంగి వాసన చూశారు. తలెత్తి నన్నే అడిగారు.

"దీనికి ఏమన్నా మందు పూశారా? పత్తి మందుగానీ?"

"లేదండీ."

"వాసన వస్తోంది."

"ఊరంతా అదే వాసన గదండీ. మా ఇళ్లల్లో అన్నం కూడా అదే వాసన."

ఆ స్థితిలోనూ చమత్కారం! ఆయన నవ్వలేదు.

"బాగా గుర్తుచేసుకోండి. పురుగుమందే అయితే నా సంచిలో దానికి విరుగుడు సూది ఉంది. అది కాకపోతే ఆ సూది వెయ్యకూడదు, ప్రాణం మీదికొస్తుంది. పూశారా, లేదా?"

ఆయన చెయ్యి సంచి మీద ఉంది. నేను ఆ చేతి వంక చూశాను. అవును అంటే చాలు. మూడక్షరాల పని, తల ఊపినా సరిపోయేది. ఊపితే ఏమయ్యేది? 'డాక్టరు' పోయేవాడు. అంతే. జైలు లేదు, జరిమానా లేదు. నాలుగు రోజులు అరుగు మీద నన్ను చూసి నవ్వేవాళ్లు. ఊరందర్నీ నవ్వించిన నేను నాలుగు రోజులు నవ్వులపాలు కావడానికి భయపడ్డాను.

"నిన్న మీరు సూది వేసిన కాడ్నుంచే ఇది సుస్తీగా ఉందండీ" అన్నాను.

ఆయన చెయ్యి సంచి మీద నుంచి జారింది. పిన్ని మజ్జిగ చెంబుతో బయటికొచ్చింది. కాసేపటికి అయిపోయింది.

పిన్నికి అనుమానం రాలేదని కాదు. "నీళ్లల్లో మందు ఎక్కువైందేమోరా?" అని ఒకే ఒక్కసారి అడిగింది. ఊళ్లో ఇంతమంది గేదెలకు పోస్తున్నారు, ఏదైనా చచ్చిందా అన్నాను. స్నానం సంగతి ఎవరితోనూ అనవద్దన్నాను. సాయంత్రానికి కొట్టు ముందు నా కచేరీ మొదలైంది. ఆ సూది జానెడు పొడవన్నాను. అందులో మందు పచ్చగా ఉందన్నాను. ఇంకో ఊళ్లో ఆరు కుక్కలు ఇలాగే పోయాయట అన్నాను. ఆ 'ట' ఒక్కటి చాలు, ఊరు మిగిలింది చూసుకుంటుంది.

బుధవారం మస్తాన్ గారు వచ్చారు. గోమార్ల మందు తెస్తానని మాటిచ్చారు గదా, తెచ్చారు. ఏ ఇంటివాళ్లూ కుక్కను బయటికి తీసుకురాలేదు. ఆయన నేరుగా పిన్ని ఇంటికెళ్లారు. నేను కల్లం అవతల నిలబడి విన్నాను.

"రాత్రంతా ఆలోచించానమ్మా. టీకా మీద తేదీ బాగానే ఉంది. దారిలో ఐసు కరిగిందేమో, నేను చూసుకోలేదేమో. నా చేతి పొరపాటే అయి ఉంటుంది. క్షమించు తల్లీ."

చెయ్యని తప్పుకు ఆ మనిషి తల వంచుకుని నిలబడితే, చేసిన నేను మిరపకాయల ఘాటు సాకుతో కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత మా ఊళ్లో కుక్కలకు టీకాలు లేవు. ఆయన రెండు మూడుసార్లు వచ్చి, ఖాళీగా వెనక్కి వెళ్లారు. ఉద్యోగం అయిపోయాక పెదకాకానిలో కూతురి దగ్గర ఉన్నారని విన్నాను. వెళ్లి చెప్పాలని ఎన్ని వారాలు అనుకున్నానో. కిందటేడు ఆయన పోయారని తెలిసింది. ఇక ఎక్కడికని వెళ్లను?

పోయిన నెల పక్క ఊళ్లో పిచ్చికుక్క తిరుగుతోందని అలజడి రేగింది. పిన్ని దగ్గర ఇప్పుడింకో కుక్క ఉంది, నల్లది. టీకా వేయిద్దామన్నాను. "ఆ మాట నువ్వా అనేది? జానీని చూసి కూడా?" అంది. అప్పుడు చెప్పేశాను. నాలుగు మూతలూ, విరుగుడు సూదీ, నా అబద్ధమూ, అన్నీ. ఒక్క మాట కూడా పెంచలేదు. జీవితంలో అంత బోసిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

పిన్ని వింది. వక్క నమలడం ఆపలేదు.

"నీకు అన్నీ కతలేరా. ఆయనే వచ్చి నా వాకిట్లో ఒప్పుకున్నాడు గదా. చెయ్యని తప్పు ఎవడన్నా ఒప్పుకుంటాడా?"

"నిజం పిన్నీ. నా మీద ఒట్టు."

ఆమె వక్క నమలడం ఆపింది. తర్వాత తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"ఆ నీళ్లు పోసింది ఈ చెయ్యి గదరా. ఒళ్లంతా రుద్దింది కూడా. నువ్వు చెప్పేదే నిజమైతే, నా జానీని నేనే చంపుకున్నట్టు. ఇంకోసారి నా దగ్గర ఆ మాట అనమాక."

లేచి లోపలికి వెళ్లిపోయింది. నేనేం చెయ్యను? నమ్మిస్తే ఆమెను చంపినట్టు. నమ్మించకపోతే ఆ నల్లకుక్క టీకా లేకుండా వీధుల్లో తిరుగుతుంది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. రోజూ చూస్తున్నాను.

అందుకే మీ దగ్గరికొచ్చాను. నన్ను క్షమించమని కాదు. ఆ హక్కు మీకు లేదు, ఉన్నవాళ్లలో ఒకరు పోయారు, ఒకరు వినరు. ఈ కాగితం మీదనైనా ఉన్నది ఉన్నట్టు పడనివ్వండి. జానీ టీకా వల్ల చావలేదు. ఆ మందు ఇచ్చింది నేను. నాలుగు మూతలన్నది నేను. అడిగితే లేదన్నది నేను. అది మస్తాన్ గారి చేతి పొరపాటు కాదు. మా పిన్ని చేతిదీ కాదు.