అడుగు గింజలు

తడిసిన కందుల వాసన తగిలితే ఇప్పటికీ చేస్తున్న పని వదిలి బయటికి పరుగెత్తుతాను. ఈ ఉదయం నాలుగు చినుకులు పడగానే దుకాణం ముందు అదే వాసన.

జహీరాబాదు మార్కెట్ యార్డులో సరుకు చూడటంలో నన్ను మించినవాడు లేడు. సంచిలో పైన కనిపించే గింజలు చూసి మోసపోయే రకం కాదు నేను. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు గింజలు తీసి చూస్తాను. అంతటివాణ్ణి, వెనకటి ఎన్నికలో మా వ్యాపారుల సంఘం పెద్దను మాత్రం గొంతు విని ఎన్నుకున్నాను. నలుగురిచేత చేతులు కూడా ఎత్తించాను! బసప్ప పటేలుది ఆరడుగుల విగ్రహం, గుబురు మీసం, యార్డు దద్దరిల్లే గొంతు. ఇంకేం కావాలి?

ఆయనకు పోటీగా నిలబడింది మా పక్క దుకాణం ఈరమ్మక్క. బీదరు వైపు నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయాక తానే దుకాణం నడిపిన మనిషి. సంచి అడుగున చెయ్యి పెట్టడం నాకు నేర్పింది ఆమే. "అక్కా, నువ్వు మంచిదానివే. గానీ నీ మాట గేటు దాక ఇనవడదు" అన్నాను. నవ్వింది.

"కందులైతే అడుగు దాక చూస్తవు తమ్మీ. మనిషినైతే మీదిమీదనే కొంటవా?"

ఆ సీజన్‌లోనే ఒక మధ్యాహ్నం నల్లమబ్బు కమ్మింది. యార్డులో పన్నెండు కందికుప్పలు ఆరుబయట ఉన్నాయి. నా దుకాణం ముందున్నది రాయికోడు రైతు మల్లప్పది. అతని ఏడాది పంట. పటేలు అరుగెక్కి, "తాడ్‌పత్రిలు తెండ్రి! జల్ది!" అని గర్జించాడు. కుప్ప మీద కప్పే తాడ్‌పత్రి పట్టా ఒకటి నా చేతిలోనే ఉంది. ముందు ఏ కుప్ప కప్పాలో ఆయనే చెబుతాడని ఆగాను.

ఈరమ్మక్క అరవలేదు. ఒక్కొక్క హమాలీని పేరు పెట్టి పిలిచి, పల్లంలోని కుప్పలు ముందు, మెరక మీదివి తర్వాత కప్పిస్తూ పోయింది. "సేటూ, కప్పుండ్రి! నా పంటంత పోతది!" అని మల్లప్ప నా చెయ్యి గుంజేసరికి వాన కుమ్మరించింది.

సాయంత్రం ఎవరో అడిగితే, "పటేలు ఉండబట్టి సరుకు దక్కింది" అన్నాను. అబద్ధమాడలేదు, నిజంగానే నాకట్లా కనిపించింది. అక్క చేసింది సాయం, ఆయన అరిచింది పెద్దరికం. తడిసిన కొంగు పిండుకుంటూ అక్క అంది: "గట్లనా తమ్మీ? మరి పటేలు అంగీ జర చూడు. ఎంత పొడిగున్నదో!"

అక్క పోయి రెండేళ్లు. రేపు మళ్లీ సంఘం ఎన్నిక. గట్టి గొంతు వినబడితే చాలు, నా చెయ్యి దానంతటదే లేవబోతుంది. అదే నా భయం. అందుకే ఆ రోజు లెక్క మళ్లీ వేసుకుంటున్నాను. మొత్తం కుప్పలు పన్నెండు. అక్క కప్పించినవి పదకొండు. పటేలు కప్పించినవి సున్న. తడిసింది ఒకటి, మల్లప్పది. దాని పక్కన తాడ్‌పత్రి పట్టుకుని, పటేలు నోటివంక చూస్తూ నిలబడినవాణ్ణి నేను.