పురికొస

మా పాత కారు గేదెను గుద్దింది. గేదెకేమీ కాలేదు, బంపరే విరిగింది. నరసరావుపేటలో వెతగ్గా ఆ మోడల్‌కు మిగిలిన ఒకే ఒక్క బంపర్ దొరికింది. దాన్ని ఒళ్లో పెట్టుకొని మాచర్ల బస్సెక్కాను.

పక్కసీటు పెద్దాయన గోళ్లనిండా గ్రీజు. “కారుకి దీన్ని పట్టుకునే క్లాంపులు వంగినయ్యా నాయనా?” అన్నాడు.

“కొంచెం. బోల్టులు బిగిస్తే అవే దారికొస్తాయండీ,” అన్నాను, డిగ్రీ చదివిన ధైర్యంతో.

“అవి రావు, ఇది పగులుద్ది. ముందు రెండుపక్కలా పురికొసతో కొలిచి, వంపు తీయించు.”

గురజాలలో దిగుతూ తన అట్టపెట్టెకు కట్టిన పురికొస విప్పి నా చేతిలో పెట్టాడు. మూత తెరుచుకుంటున్న పెట్టెను పొట్టకు అదుముకొని వెళ్లిపోయాడు.

కొలిస్తే ఎడమ క్లాంపు రెండు వేళ్లు లోపలికుంది. వంపు తీయించాకే బంపర్ బిగించాం. ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఆ పెట్టె ఇంటిదాకా చేరిందో లేదో.